రెండు గుంపుల్నీ ఎవరు విడదీశారు?

ఒకాయన ఖైరతాబాదులోని అర్థగణాంక శాఖలో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. సర్వీసులో సగం జిల్లాల్లో పంటకోత ప్రయోగాలు చేయించడంతోనే గడిచింది. ఆయన మేనకోడలు సర్కారు హైస్కూల్లో తెలుగు టీచర్. ఎనిమిదో తరగతి ఏ సెక్షన్ పిల్లల చేత ఆమె రోజూ చివరి పీరియడ్‌లో కథల పుస్తకాలు చదివించింది. బీ సెక్షన్‌కు టైంటేబుల్లో ఆ పీరియడ్ దొరకలేదు. పరీక్షలో ఏ సెక్షన్ సగటు ఎక్కువొచ్చింది. ఆ సంగతి స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో చెప్పి, కథల పీరియడ్ అన్ని బడుల్లోనూ పెట్టించాలని ఆమె పట్టుదల. ముందుగా మామకు చూపించింది. వాదన అక్కడే మొదలైంది.

ఆ మధ్యాహ్నం నేనూ వాళ్లింట్లో ఉన్నాను. మాటలు కుదించి రాస్తున్నాను, లెక్కలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను. రెండు గుంపుల సగటులు పోల్చి పరికల్పనను పరీక్షించడం డిగ్రీ పిల్లలు సూత్రంలో అంకెలు వేసి పది నిమిషాల్లో ముగించే అభ్యాసం. ఆ పది నిమిషాలకు ముందు జరగాల్సిన పని గురించే వీళ్ల వాదనంతా.

టీచర్: రెండు సెక్షన్లకీ ఒకే పేపరు, మామా. ఎఫ్ఏ పరీక్ష, ఇరవై మార్కులకి. ఏ సెక్షన్ సగటు ఎక్కువ, బీ సెక్షన్‌ది తక్కువ. ఇంకా దీంట్లో పరీక్షించేది ఏముంది?

మామ: రెండు సగటులు అచ్చంగా సమానంగా రావడం ఎప్పుడన్నా చూసినవా? నీ పిల్లలందర్నీ కలిపి కళ్లు మూసుకుని రెండు గదుల్లో కూర్చోబెట్టినా ఏదో ఒక గది సగటు ఎక్కువే వస్తది. నీకొచ్చిన తేడా అట్లా ఊరికే వచ్చే తేడానా, అంతకంటే పెద్దదా? ముందు అది తేలాలి. రిజిస్టరు తియ్యి. చీటీలు వేసి ఏ నుంచి నలుగుర్ని, బీ నుంచి నలుగుర్ని ఎంచు. చిన్న లెక్కలో చేతులతో చేసి చూస్తేనే సంగతి ఒంటబడుతుంది.

టీచర్: ఏ సెక్షన్‌లో 16, 18, 13, 19. బీలో 11, 14, 12, 15.

మామ: ఏ మొత్తం 66, సగటు 16.5. బీ మొత్తం 52, సగటు 13. తేడా మూడున్నర. ఇప్పుడు నీకు ఇష్టం లేని మాట ఒకటి కాసేపు ఒప్పుకోవాలి. కథల వల్ల ఏమీ జరగలేదు, చదివినా చదవకపోయినా ఈ ఎనిమిది మందికీ ఇవే మార్కులు వచ్చేవి. దీన్నే శూన్య పరికల్పన అంటారు. అదే నిజమైతే ఎవరు ఏ సెక్షన్లో పడ్డారన్నది ఒట్టి చీటీల ఆట. ఎనిమిది చీటీల్లోంచి నాలుగు తియ్యడానికి 70 దారులున్నాయి. ఆ 70లో ఎన్నింట్లో మొత్తం 66 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తదో లెక్కపెట్టు.

టీచర్: పెద్దవి నాలుగూ 19, 18, 16, 15. అవి 68. పదిహేను తీసి పద్నాలుగు పెడితే 67. పదమూడు పెడితే 66. పన్నెండు పెడితే 65, అది పనికిరాదు. 19, 18, 15, 14 కూడా 66. ఇంకేం లేవు. నాలుగే!

మామ: 70లో నాలుగు, అంటే 5.7 శాతం. కథలు పిల్లల్ని చెడగొట్టి ఉండొచ్చన్న అనుమానాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే, అటువైపు ఇంకో నాలుగు. మొత్తం ఎనిమిది, 11.4 శాతం.

టీచర్: కథలు చెడగొట్టడమేంది మామా!

మామ: నువ్వు నమ్మవు, సరే. చూసేవాడు నీ నమ్మకం అప్పు తెచ్చుకోకూడదు కదా. ఒకవైపే చూస్తానంటే ఆ మాట మార్కులు రాకముందే కాగితం మీద రాసి పెట్టాలి. వచ్చినంక రాస్తే, బాణం గుచ్చుకున్న చోట సున్నా చుట్టడమే. ఈ 70కి పెద్ద చరిత్రే ఉంది. ఇంగ్లండులో రాథమ్‌స్టెడ్ అని ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రం. అక్కడ మ్యూరియెల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త, కప్పులో పాలు ముందు పోశారో టీ ముందు పోశారో తాగి చెప్పగలనన్నది. ఆ మాట పట్టుకుని రొనాల్డ్ ఫిషర్ ఎనిమిది కప్పుల పరీక్ష ఒకటి కట్టి, 1935లో ప్రయోగాల రూపకల్పన మీద రాసిన పుస్తకంలో పెట్టాడు. నాలుగింట్లో పాలు ముందు, నాలుగింట్లో టీ ముందు. ఊరికే ఊహించి ఎనిమిదీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో ఒకటి. అయితే కప్పుల వరుసను ఆయన లాటరీకే వదిలాడు. తనకు తోచిన వరుసలో పెట్టలేదు. ఆ సంగతి గుర్తుంచుకో, మళ్లీ వస్తాను.

టీచర్: ముందు ఇది చెప్పు. నాకు బీఈడీలో నేర్పింది చీటీలు కాదు, టీ పరీక్ష (t-test). అది చేస్తే ఏమొస్తుంది?

మామ: చేద్దాం. ఏ సెక్షన్లో ఒక్కొక్కరూ తమ సగటుకు ఎంత దూరమో తీసి, వర్గాలు చేసి కూడితే 21. బీలో 10. మొత్తం 31. ఎనిమిదిలోంచి రెండు సగటులకు రెండు పోను ఆరు, దాంతో భాగిస్తే 5.17. రెండు సగటుల తేడాకు ప్రామాణిక దోషం 1.61 వస్తది. మూడున్నరను దాంతో భాగిస్తే 2.18. ఇప్పుడు పట్టిక చూడాలి.

(ఆయన లేచి ఫిషర్, యేట్స్ పట్టికల పుస్తకం తెచ్చాడు. ఎప్పుడో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నదట. ఫోన్‌లో క్షణంలో దొరికే అంకెను ఆయన వేలితో వరుస పట్టుకుని వెతికాడు. ఆ వేగం తగ్గడం మంచిదే అనిపించింది నాకు.)

మామ: ఆరో వరుస. రెండువైపులా అయిదు శాతానికి 2.447. నీది 2.18, దాటలేదు. ఒకవైపే అయితే 1.943, దాటింది.

టీచర్: చూసినవా! అవే ఎనిమిది మార్కులు. చీటీలు వేస్తే ఒకవైపు కూడా అయిదు శాతంలోకి రాలేదు. సూత్రం వేస్తే ఒకవైపు వచ్చింది, రెండువైపులా రాలేదు. ఇది పరీక్షా, జాతకమా? గీత ఎక్కడ గీస్తే అక్కడ నా పిల్లలు పాసో ఫెయిలో అవుతారా?

మామ: కోపం న్యాయమైందే. రెండు పద్ధతులూ ఒకే ప్రశ్నకు దగ్గర దగ్గర జవాబులు ఇస్తాయి. ఎనిమిది మందే ఉన్నప్పుడు ఆ దగ్గరలో కూడా సందు ఉంటది. ఆ అయిదు శాతం గీత దేవుడు గీసింది కాదు, ఫిషర్ తన కాలంలో పనికి అనువుగా ఉందని వాడిన అలవాటు. అందుకే దాటింది, దాటలేదు అని తీర్పు చెప్పకు. తేడా మూడున్నర అను. దాని అటూ ఇటూ ఎంత సందేహముందో చెప్పు. 2.447ను 1.61తో గుణిస్తే 3.93. అంటే అసలు తేడా సున్నాకు కొంచెం కింద నుంచి ఏడున్నర మార్కుల దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఎనిమిది మందిని చూసి ఇంతకంటే ఎక్కువ తెలుసుకోలేం. ఇది ఒప్పుకోవడానికి మనసు రాదు. మా డిపార్ట్‌మెంట్లో పెద్ద పెద్దవాళ్లకే వచ్చేది కాదు.

టీచర్: అంత చిన్న లెక్కకు టీ పట్టిక చెల్లుతుందని ఎట్లా తెలుసు?

మామ: ఆ పట్టిక పుట్టిందే చిన్న లెక్కల కోసం. విలియం గాసెట్ డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి. బార్లీ మీద, హాప్స్ మీద ఆయనకు దొరికేవి నాలుగో పదో కొలతలు. కంపెనీ సొంత పేరుతో రాయనివ్వదు కాబట్టి 1908లో 'స్టూడెంట్' అన్న పేరుతో వ్యాసం అచ్చేయించాడు. దానికి ముందు ఏం చేశాడంటే, 3000 మంది ఖైదీల ఎత్తు, ఎడమచేతి నడిమివేలు పొడవు అట్టముక్కల మీద రాసుకుని, బాగా కలిపి, నాలుగేసి చొప్పున 750 నమూనాలు తీశాడు. ఒక్కొక్క దానికీ సగటు కట్టి తన సిద్ధాంతంతో పోల్చి చూశాడు. కంప్యూటర్ లేని రోజుల్లో. నువ్విందాక చేసిన పని అదే.

టీచర్: బాగుంది. అయితే నలుగురితో కాకుండా సెక్షన్లలో ఉన్న మొత్తం పిల్లల మార్కులు వేస్తాను. సందేహం తగ్గుతుంది. పైగా ఏ సెక్షన్ ముందే ఉంది కాబట్టి గీత కూడా దాటొచ్చు.

మామ: దాటుతుంది అనుకో. ఇప్పుడు ఫిషర్ కప్పుల దగ్గరికి రా. మీ బడిలో ఏ సెక్షన్, బీ సెక్షన్ ఎట్లా చేశారు?

(ఇక్కడ ఆమె కాసేపు మాట్లాడలేదు.)

టీచర్: జూన్‌లో చేరినవాళ్లు ముందు వచ్చినట్టు ఏలో నింపుతారు. అది నిండినంక బీ. ఆలస్యంగా వచ్చేది ఎక్కువగా పనుల కోసం పట్నం వచ్చినోళ్ల పిల్లలు. పాలమూరు నుంచి, ఒడిశా నుంచి. కొందరు సెప్టెంబరులో కూడా చేరతారు.

మామ: అయితే నీ పరీక్ష కథలకూ కథలు లేకపోవడానికీ మధ్య కాదు. జూన్‌లో బడికి రాగలిగిన ఇంటికీ రాలేని ఇంటికీ మధ్య. 70 దారులూ సమానమేనని లెక్కించాం. కానీ నీ రెండు సెక్షన్లు ఆ 70లోంచి చీటీ తీసి వచ్చినవి కావు. ఎంత మంది మార్కులు కూడినా ఈ లోపం పోదు. ఇంకా గట్టిగా తప్పు చెప్పే ధైర్యం మాత్రం వస్తది.

నాకు ఈ మాట దగ్గరే అసలు విషయం తెరుచుకుందనిపించింది. పాఠ్యపుస్తకంలో అభ్యాసం ఎప్పుడూ రెండు గుంపులు సిద్ధంగా ఉన్నచోట మొదలవుతుంది. ఆ గుంపుల్ని ఎవరు, ఎట్లా విడదీశారో ప్రశ్నలో ఉండదు. పిల్లలకు నేర్పాల్సింది మాత్రం ముందుగా అదే.

టీచర్: అంటే నా కళ్లతో చూసింది అబద్ధమా? బీ సెక్షన్ పిల్లోడు వరుసలో వేలు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటుంటే, అదే ఈడు ఏ సెక్షన్ పిల్ల పేజీ తిప్పేస్తోంది.

మామ: చూసింది నిజం. కారణం నువ్వు అనుకున్నది అవునో కాదో తెలియదు. నీలాంటి మంచి మనసే ఒక పెద్ద ప్రయోగాన్ని పాడుచేసింది. 1930లో స్కాట్లండులోని లనార్క్‌షైర్‌లో 67 బడులు, 20,000 మంది పిల్లలు. పదివేల మందికి రోజూ పాలు, పదివేల మందికి లేవు. ఫిబ్రవరిలో తూచి, జూన్‌లో మళ్లీ తూచారు. మొదట చీటీలతోనో అక్షర క్రమంలోనో విడదీశారు. ఆ తర్వాత, ఒక గుంపులో బాగా తిన్నవాళ్లో తిండి చాలనివాళ్లో ఎక్కువ పడ్డారనిపిస్తే టీచర్లు సరిచేయవచ్చన్నారు. టీచర్లు ఏం చేశారు? బక్కపిల్లల్ని పాల వైపు జరిపారు. లెక్కలు చూస్తే పాలు లేని గుంపు మొదట్లోనే ఎత్తులో, బరువులో ముందుంది. ఇంకోటి కూడా ఉంది. తూచింది బట్టలతో. ఫిబ్రవరి చలికి ఉన్నింటి పిల్లలు బరువైన బట్టలేసుకుంటారు, జూన్‌లో తీసేస్తారు. పేదపిల్లకు రెండు కాలాలకూ దాదాపు ఒకే గౌను. దాంతో బరువు పెరిగిందా, బట్ట తగ్గిందా అన్నది కూడా కలగలిసిపోయింది. గాసెట్ 1931లో దాన్ని విప్పి చూపించాడు. ఇరవై వేల మంది బదులు యాభై జతల కవలల్ని తీసుకుని, ప్రతి జతలో ఒకరికి పాలిస్తే ఇంతకంటే నమ్మదగిన జవాబు వచ్చేదన్నాడు.

టీచర్: ఆ టీచర్లను నేను తప్పుపట్టను. ఆకలితో ఉన్న పిల్ల ఎదురుగా ఉంటే నేనూ పాల వైపే జరుపుతాను. నీ లెక్క సరిగ్గా రావడానికి సగం మందిని పస్తుంచాలా?

మామ: అందరికీ ఇవ్వగలిగిన రోజున లాటరీ అక్కర్లేదు, ఇచ్చెయ్యాలి. అన్నం పిల్లలకు మంచిదా కాదా అని పరీక్ష పెట్టేవాడు మనిషి కాదు. కానీ సర్కారు ఏ పథకాన్నీ మొదటి రోజే అన్నిచోట్లా మొదలుపెట్టలేదు. ముందు ఏ మండలం, తర్వాత ఏ మండలం? మామూలుగా అది ఎమ్మెల్యే పలుకుబడి తేలుస్తది. లాటరీ తేలిస్తే అన్యాయం ఎక్కువవుతుందా, తగ్గుతుందా? మన ఉమ్మడి రాష్ట్రంలోనే ఉపాధి హామీ కూలి, పింఛన్లు స్మార్ట్‌కార్డుతో ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు 157 మండలాల వరుసను లాటరీతో నిర్ణయించారు. ముందు వచ్చిన మండలాలకూ తర్వాతవాటికీ మధ్య తేడా చూస్తే అది కార్డు వల్ల వచ్చిందని చెప్పగలిగారు.

టీచర్: కూలి డబ్బులు వేరు, బడి వేరు. మామా, నీ పంటకోత ప్రయోగాల్లో మడికి నొప్పి తెలియదు.

మామ: మడికి తెలియదు, రైతుకు తెలుసు. సర్వే నంబరు లాటరీలో వస్తది. పొలం నైరుతి మూల నుంచి ఎన్ని అడుగులు నిలువు, ఎన్ని అడుగులు అడ్డం నడవాలో కూడా యాదృచ్ఛిక సంఖ్యల పట్టికే చెప్తది. అక్కడ అయిదు మీటర్ల చదరం గీసి కోస్తాం. రైతు వచ్చి 'అక్కడ కాదు సారూ, ఇక్కడ చూడండి' అంటాడు. బీమా కావాలన్నోడు ఎండిన చోటు చూపిస్తడు, పరువు కావాలన్నోడు ఏపుగా పెరిగిన చోటు చూపిస్తడు. మా సిబ్బంది కాళ్లు కూడా తెలియకుండానే మంచి కంకుల వైపు పోతయి. నేను చాకిరీ చేసిందంతా ఆ కాళ్లను ఆపడానికే. కోసినాక తూచడం ఎవరైనా చేస్తారు.

బడి సంగతి అన్నావు కాబట్టి బడి లెక్కే చెప్తాను. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో 500 సర్కారు ప్రాథమిక పాఠశాలల్లో, అయిదు జిల్లాల్లో ఒక ప్రయోగం మొదలైంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు, రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి చేశారు. లాటరీ తీసి నూరేసి బడులు. ఒక నూటికి పిల్లల మార్కులు పెరిగిన కొద్దీ ఒక్కొక్క టీచరుకూ విడిగా బోనస్. ఇంకో నూటికి బడి మొత్తానికి కలిపి బోనస్. ఇంకో నూటికి అదనంగా ఒక కాంట్రాక్టు టీచరు. ఇంకో నూటికి పుస్తకాలకూ సామాన్లకూ డబ్బు. చివరి నూరు ఏ మార్పూ లేకుండా ఉన్నది ఉన్నట్టే.

టీచర్: బోనస్ కోసం చదువు చెప్పే మనుషులమా మేము?

మామ: నీకు ఆ మాట నచ్చదని తెలుసు. ఫలితం విను. రెండేళ్లకు బోనస్ బడుల సగటు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాలు ఎక్కువొచ్చింది. లెక్కల్లో నూరుమందిలో యాభయ్యో స్థానంలో ఉండే పిల్ల అరవయ్యో స్థానానికి చేరినట్టు అనుకో. బోనస్ ఏమంత పెద్దది కాదు, ఏడాది జీతంలో మూడు శాతం దగ్గర. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా మార్కులు పెరిగాయి.

టీచర్: అంటే అంతకుముందు మేము బడికి ఎగ్గొట్టేవాళ్లమని తేలిందా?

మామ: లేదు. హాజరులో తేడా కనబడలేదు. టీచర్లు గైరుహాజరయ్యేది ముందెంతో తర్వాతా అంతే. మారింది, వచ్చినరోజు చేసిన పని. అదనపు క్లాసులు, ఇంటిపని, అభ్యాస పరీక్షలు ఎక్కువ పెట్టామని వాళ్లే చెప్పారు.

టీచర్: అయితే అన్ని రాష్ట్రాల్లో బోనస్ పెట్టెయ్యమని చెప్పొచ్చా? రెండు సగటుల తేడా గీత దాటింది కదా!

మామ: చెప్పకూడదు. అమెరికాలో నాష్‌విల్‌లో అదే రకం లాటరీ పెట్టి, ఒక్కొక్కరికి 15,000 డాలర్ల దాకా ఆశపెట్టినా మొత్తం మీద మార్కులు కదల్లేదు.

టీచర్: మరి నేను మొదటి నుంచీ మొత్తుకునేది అదే కదా! లెక్క ఆ అయిదు జిల్లాల గురించి చెప్పింది. నా బడి గురించి చెప్పలేదు. సగటు నీకొక్కటే చెప్తుంది, 'మొత్తం మీద పెరిగింది' అని. మొత్తం మీద అన్న మాటలో నా వేలు పెట్టి చదివే పిల్లోడు ఎక్కడున్నాడు? ఇద్దరు ముగ్గురు తెలివైన పిల్లలు నాలుగేసి మార్కులు ఎక్కువ తెచ్చుకుంటే సగటు లేస్తుంది. వాడు అక్కడే ఉంటాడు.

ఈ అభ్యంతరానికి ఆయన వెంటనే జవాబివ్వలేదు. నా దృష్టిలో ఆ మధ్యాహ్నం ఆమె అన్న మాటల్లో ఇది అన్నిటికన్నా బరువైనది. సగటుల పరీక్ష సగటు గురించే చెబుతుంది, అంతకు మించి అడగడం మన తప్పు. అడగకుండా ఉండలేకపోవడం అధికారుల అలవాటు.

మామ: నిజమే. సగటుతో పాటు వ్యాప్తి కూడా చూపించాలి. అయితే ఒక పిల్లకు ఒక్క అంకేనా అని గణాంకశాస్త్రం కూడా అడిగింది. అడిగినవాళ్లలో మనవాడు ఉన్నాడు. సి.ఆర్. రావు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, కలకత్తాలో గణాంకవేత్త మహలనోబిస్ దగ్గర చేరాడు. 1946లో ఆయన్ను కేంబ్రిడ్జికి పంపారు. సూడాన్‌లో జెబెల్ మోయా అనేచోట తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాలు కొలవడానికి. ఒక్క పుర్రెకు పొడవు, వెడల్పు, ఇంకా ఎన్నో కొలతలు. రెండు గుంపులు వేరా, ఒకటా అన్నది ఒక్కొక్క కొలతకూ విడిగా టీ పరీక్ష చేస్తే తేలదు. అన్ని కొలతల సగటుల్నీ, వాటి మధ్య సంబంధాల్నీ కలిపి చూడాలి. అక్కడే ఫిషర్ దగ్గర డాక్టరేట్ చేశాడు. నీ పిల్లోడి చదివే వేగం, తప్పులు, అర్థం చేసుకోవడం మూడూ కొలిచి తీసుకురా, చూసే పద్ధతి ఉంది.

టీచర్: కొలుస్తాను. కానీ ఇంకో అనుమానం. ఇందాక నువ్వు మొత్తం పిల్లల మార్కులు వేసినా లోపం పోదన్నవు. సరే, లాటరీ తీసే విడదీశాననుకో. అయినా ఏ సెక్షన్‌కు చెప్పింది నేనొక్కదాన్నే. నాకు జ్వరమొస్తే ముప్పై ఆరు మందికీ పాఠం పోయింది. నేను ఆ రోజు ఉత్సాహంగా ఉంటే ముప్పై ఆరు మందికీ దక్కింది. వాళ్లు ముప్పై ఆరుగురా, ఒక్కరా?

మామ: (నవ్వి) ఈ ప్రశ్న మా ఆఫీసులో ఎంతమంది అడిగేవారనుకున్నవు? లాటరీ దేనికి తీశావో అదే లెక్కలో ఒకటి. 500 బడుల ప్రయోగంలో పిల్లలు వేలల్లో ఉన్నా లాటరీ బడికి తీశారు. అందుకని ఒకే బడి పిల్లలు ఒకరిలా ఒకరు ఉంటారన్నది లెక్కలో కలుపుకుని సందేహాన్ని పెంచి చూపించారు. నీ రెండు సెక్షన్ల పోలికలో నిజానికి ఉన్నది ఒకటీ, ఒకటీ. రెండే. రెండు అంకెలతో ఏ పట్టికా మాట్లాడదు.

టీచర్: అయితే నా ఏడాది పని వ్యర్థమా?

మామ: పిల్లలకు వ్యర్థం కాదు. వాదించడానికి చాలదు. ఆ ప్రయోగంలో పుస్తకాల డబ్బిచ్చిన బడులు గుర్తున్నాయా? మొదటి ఏడాది ఆ డబ్బు ఎవరూ ఊహించనిది, మార్కులు పెరిగాయి. రెండో ఏడాది అదే డబ్బు, పెరగలేదు. వస్తుందని తెలిసిన తల్లిదండ్రులు తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. ఒక్క ఏడాది చూసి ఆగిపోయి ఉంటే పుస్తకాల డబ్బే మందు అని ఊరంతా చెప్పుకునేవాళ్లం.

టీచర్: ప్రైవేటు బడుల సంగతి కూడా ఇట్లాగే తేల్చారా? మా బడిలో పిల్లలు తగ్గిపోతున్నదే దాని వల్ల. అక్కడి సగటు ఎక్కువ అని ప్రతి తల్లీ అంటుంది.

మామ: తేల్చారు. 180 పల్లెల్లో లాటరీ తీసి, గెలిచిన ఇళ్ల పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. దరఖాస్తు పెట్టి లాటరీలో రానివాళ్లతో పోల్చారు. ఇద్దరి తల్లిదండ్రులకూ పంపాలన్న కోరిక ఉన్నదే, తేడా చీటీదే. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. హిందీలో ప్రైవేటు పిల్లలు ముందున్నారు. మామూలుగా కనబడే పెద్ద తేడా చాలామటుకు పిల్లల ఇళ్ల నుంచి వచ్చింది, బడి నుంచి కాదు.

టీచర్: చూసినవా! మా చదువు తక్కువేం కాదు.

మామ: తొందరపడకు. తేడా కనబడలేదంటే రెండూ సమానమని రుజువైనట్టు కాదు. పైగా ప్రైవేటు బడులు తెలుగుకూ లెక్కలకూ మీకంటే తక్కువ గంటలు ఇచ్చి అదే మార్కు తెచ్చాయి. మిగిలిన గంటల్లో హిందీ చెప్పాయి. ఒక్కో పిల్లకు ఖర్చు మీ బడిలో అయ్యేదాంట్లో మూడో వంతు కూడా కాదు. నీకు నచ్చిన సగం చదివి పుస్తకం మూయకు.

టీచర్: సరే. నా కథల పీరియడ్‌కు వస్తాను. ఇప్పుడు ఏం చెయ్యమంటావు?

మామ: వచ్చే జూన్‌కు మీ కాంప్లెక్స్‌లో, పక్క కాంప్లెక్స్‌లో బడులు వెతుకు. గాసెట్ కవలల మాట గుర్తుంచుకుని రెండేసి బడులు జతకట్టు. చదవగలిగిన పిల్లల శాతం, ఆలస్యంగా చేరేవాళ్ల సంఖ్య దగ్గరగా ఉండాలి. ప్రతి జతకూ అందరి ముందర నాణెం ఎగరెయ్యి. బొమ్మ పడ్డ బడిలో జూన్ నుంచే కథలు, రెండోదాంట్లో సంక్రాంతి తర్వాత. ఎవరికీ లేకుండా పోదు. సంక్రాంతి సెలవుల ముందు ఒకే పరీక్ష. పేపర్లు ఏ బడివో తెలియనివాళ్లు దిద్దాలి. ఏం కొలుస్తావో, ఒకవైపా రెండువైపులా అన్నది ఈ ఏడాది ఏప్రిల్లోనే రాసి హెడ్మాస్టరు దగ్గర పెట్టు.

టీచర్: ఎన్ని జతలు? నాకు దొరికేది నాలుగో అయిదో.

మామ: అయిదు జతలకు నాణెం పడే దారులు 32. అయిదింట్లోనూ కథల బడే గెలిచినా రెండువైపుల లెక్కలో 32లో రెండు, 6.25 శాతం. ఆరు జతలైతే 64లో రెండు, 3 శాతం చిల్లర. ఆరు కావాలి. పన్నెండు బడులు.

టీచర్: ఆరింట్లో అయిదే గెలిచి ఒకటి ఓడిపోతే?

మామ: గెలుపోటములే లెక్కపెడితే 64లో పద్నాలుగు. దాదాపు 22 శాతం. తేలలేదని రాయాలి. మళ్లీ ఏడాది ఇంకో ఆరు జతలతో చెయ్యాలి.

టీచర్: తేలలేదని నా చేత్తో నేనే రాసి, కాంప్లెక్స్ సమావేశంలో చదవాలా? చదువుతాను. కానీ ఒక షరతు. ప్రతి బడిలో జూన్‌లో చదవలేని పిల్లలు ఎంతమంది, జనవరికి ఎంతమంది మిగిలారు, బడివారీగా ఆ వరుస ముందు రాస్తాను. సగటు దాని కింద.

మామ: సగటు పైన ఉండాలి. నువ్వు ముందే రాసుకున్న ప్రశ్న అది. రెండోది పైన పెడితే నచ్చిందాన్ని ముందుకు తోసినట్టు.

టీచర్: అయితే ఏప్రిల్లో రాసే కాగితంలోనే రెండూ ప్రశ్నలుగా రాస్తాను. చదవలేని పిల్లల సంఖ్య మొదటి ప్రశ్న.

మామ: రెండు ప్రశ్నలు అడిగితే అయిదు శాతాన్ని రెండిటికీ పంచాలి. ఒక్కోదానికి రెండున్నర. అప్పుడు ఆరు జతలూ చాలవు, ఏడు కావాలి.

ఏడో జతకు పద్నాలుగో బడి ఎక్కడ దొరుకుతుందన్న దానిపై వాళ్లు ఇంకా వాదించుకుంటున్నారు. ఆమె సోమాజిగూడ వైపు బడుల పేర్లు రాస్తోంది. ఆయన ఒక్కొక్క బడిలో ఆలస్యంగా చేరేవాళ్లు ఎంతమందని అడుగుతున్నాడు.